సంబంధిత ఫోల్డరుకు పంపడమైనది

మన దేశంలో పాలన అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఏ ఆఫీసులోనైనా తపాలా సెక్షన్ ముందు ఓ పూట నిలబడితే చాలు. కాగితం వస్తుంది. దాని మీద గుండ్రటి ముద్ర పడుతుంది. ఇన్‌వార్డ్ రిజిస్టర్లోకి ఒక నంబరు ఎక్కుతుంది. ‘తగు చర్య నిమిత్తం సంబంధిత శాఖకు పంపడమైనది’ అనే వాక్యం పుడుతుంది. ఆ వాక్యంలో కాగితాన్ని ఎవరైనా చదివారన్న మాట ఎక్కడా లేదని సూక్ష్మదృష్టి గలవారు గమనించగలరు. ఇంత గొప్ప విద్య ఇన్నాళ్లూ ప్రభుత్వ బీరువాల్లోనే మగ్గింది. ఈమెయిల్ ఫిల్టర్ల పుణ్యమా అని ఇప్పుడది నెల్లూరు జిల్లాలో అల్లూరు రొయ్యల రైతుకూ, స్టోన్‌హౌస్‌పేట బియ్యం వ్యాపారికీ, కావలి ఇంజనీరింగ్ కుర్రాడికీ సమానంగా అందుబాటులోకి వచ్చింది. అధికార వికేంద్రీకరణ అని పెద్దలు కలలుగన్నది దీన్నేనని నా దృఢాభిప్రాయం.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఉత్తరం ఎవరి నుంచి వచ్చింది, సబ్జెక్టులో ఏముంది, లోపల ఫలానా మాట ఉందా, ఫైలు ఏదైనా తగిలించారా అని మనం కొన్ని షరతులు రాసి పెడతాం. అవి కుదిరిన ప్రతి ఉత్తరానికీ మనం విధించిన శిక్ష అమలవుతుంది. లేబుల్ అంటించమంటే అంటిస్తుంది, నక్షత్రం పెట్టమంటే పెడుతుంది, ఇంకొకరికి తోలమంటే తోలుతుంది, చెత్తబుట్టలో వేయమంటే మారు మాట్లాడకుండా వేస్తుంది. జీమెయిల్‌లో వీటన్నిటికీ తలమానికమైన టిక్కులు రెండున్నాయి: ‘స్కిప్ ఇన్‌బాక్స్’, ‘మార్క్ యాజ్ రీడ్’. మొదటిది ఉత్తరాన్ని మన కంట పడనివ్వదు. రెండోది దాన్ని మనం చదివేశామని మనకే ధ్రువీకరణ పత్రం ఇస్తుంది. రెండూ కలిపి కొట్టినవాడు తనకు కనపడని ఉత్తరాన్ని చదివినవాడవుతాడు. అద్వైతంలో కూడా ఇంత సౌలభ్యం లేదు.

మూలాపేటలో ఒక విశ్రాంత హెడ్‌గుమాస్తా గారున్నారు. ఆయన మెయిల్ పెట్టెను చూస్తే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మేనల్లుళ్లకొక లేబుల్. మేనకోడళ్లకొకటి, వాళ్లలో పెళ్లి కావాల్సినవాళ్లకు దాని కింద ఉప లేబుల్. కరెంటు బిల్లులకొకటి, పింఛనుకొకటి, ‘ముఖ్యం’ అని ఒకటి, ‘అతి ముఖ్యం’ అని ఒకటి, ‘తరవాత చూద్దాం’ అని ఒకటి. ఇన్‌బాక్సు మాత్రం మే నెల పెన్నలాగా ఖాళీ. ‘అతి ముఖ్యం’లో ఏముందండీ అని అడిగితే ఆయన కళ్లజోడు సర్దుకున్నారు.

“చూడాల అబ్బయ్యా. అతి ముఖ్యం గదా, హడావిడిగా చూస్తే ఎట్టా?”

ఈ అవసరం నిన్న మొన్న పుట్టింది కాదు. 1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ తమ కంప్యూటర్లు అమ్ముకోవడానికి ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే ప్రచార లేఖ పంపాడు. అడగని ఉత్తరాల వంశానికి మూలపురుషుడిగా ఆయన్నే చెబుతారు. 1980లలోనే ఎం.ఐ.టి.లో థామస్ మలోన్ బృందం ‘ఇన్ఫర్మేషన్ లెన్స్’ అనే ఏర్పాటు చేసి, ప్రోగ్రాములు రాయడం రానివాళ్లు కూడా తమ రూల్స్ తామే రాసుకుని ఉత్తరాలను వేరు చేసుకోవచ్చని నిరూపించింది. ఆ తర్వాత 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చి, మనిషికొక గిగాబైట్ ఉచితం అంది. తేదీ చూసి చాలామంది వేళాకోళం అనుకున్నారు గానీ, ఇచ్చింది. దాంతో ఉత్తరాలు పారేయాల్సిన పని తప్పింది. పారేయాలంటే ముందు ఒకసారైనా చూడాలి కాబట్టి, చూడాల్సిన పని కూడా తప్పింది. 2013లో అదే జీమెయిల్ ప్రమోషన్లు, సోషల్ అని గదులు తనే కట్టి పెట్టి, రూల్ రాసుకునే శ్రమ నుంచి కూడా మనల్ని విముక్తం చేసింది.

భాష దగ్గర మాత్రం ఫిల్టరు మహా నిష్ఠాపరుడు. మాట చూస్తాడు, మనిషిని చూడడు. కావలి వైపు ఒక కుర్రాడు, పేరెందుకు లెండి, నాలుగో ఏడు చదువుతూ, బూట్ల ఆఫర్లతో, బిర్యానీ ఆఫర్లతో, లోన్ ఆఫర్లతో విసిగి, ‘ఆఫర్’ అనే మాట ఉన్న ప్రతి మెయిలూ చెత్తబుట్టలోకి పోవాలని శాసనం చేశాడు. ఇల్లు ప్రశాంతమైంది. క్యాంపస్ సెలక్షన్‌లో తీసుకున్న కంపెనీ నుంచి మాత్రం ఎన్నాళ్లకూ కబురు రాదు. వాళ్లమ్మ తల్పగిరి రంగనాథుడికి మొక్కుకుంది. స్వామి పలికాడు కూడా, కాకపోతే కంపెనీ వాళ్లు ఆ కబురుకి ‘ఆఫర్ లెటర్’ అని పేరు పెట్టి పంపారు. జీమెయిల్ చెత్తబుట్టలో ఏ ఉత్తరమైనా 30 రోజులుంటుంది, ఆ పైన దిక్కులేనిదై పోతుంది. విషయం బయటపడి తండ్రి ఇల్లెగిరిపోయేలా అరిస్తే, కుర్రాడు చాలా శాంతంగా, “నేనేం జేసేది నాయనా, రూల్ అట్టుండాది” అన్నాడట. ప్రైవేటు కంపెనీ పోతే పోయింది. ఆ ఒక్క మాటకు అతన్ని ఏ రాత పరీక్షా లేకుండా సర్కారు కొలువులోకి తీసుకోవలసింది.

ఇంకొందరు మేధావులు ‘అన్‌సబ్‌స్క్రయిబ్’ (ఇక పంపొద్దని చెప్పుకునే మీట) అనే మాట ఎక్కడ కనపడ్డా ఆ ఉత్తరాన్ని పక్కకు తోయమంటారు. దుకాణాల గోల తగ్గేది నిజమే. బీమా ప్రీమియం గడువు గుర్తు చేసే ఉత్తరం అడుగున కూడా అదే మాట చీమ తలకాయంత అక్షరాల్లో ఉండొచ్చన్నది బీమా అవసరం పడ్డాక ఆలోచించుకోవచ్చు.

రూల్స్ ఎక్కువైనప్పుడు ఏది ముందన్న సందేహానికీ మన దఫ్తరాల్లో ఉన్నట్టే ఏర్పాటుంది. మైక్రోసాఫ్ట్ వారి మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్‌లో రూల్స్ పై నుంచి కిందికి వరసగా అమలవుతాయి. ‘ఇక్కడితో ఆపు’ అని ఒకదానికి టిక్కు పెడితే, కుదిరిన ఉత్తరం విషయంలో దాని కిందున్న రూల్స్‌కు ఇక నోరుండదు. పాత అవుట్‌లుక్‌లో కొన్ని రూల్స్ అయితే కంప్యూటర్‌లో ఆ ప్రోగ్రామ్ తెరిచి ఉంటేనే పని చేస్తాయి. సారు సీట్లో లేరు, రేపు రండి.

వేరు చేయడం మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ చూడండి. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె, కాలంతో పాటు వచ్చిన వీసా రొట్టె. నీళ్లలో నిలబడి నాకు ఫలానా రొట్టె కావాలని నోరు తెరిచి అడుగుతారు, ఉన్నవాళ్లు చేత్తో ఇస్తారు, కోరిక తీరినవాళ్లు మళ్లీ ఏడు వచ్చి అదే రొట్టె ఇంకొకరికి పంచుతారు. ఈ పద్ధతిలో ఉన్న ఘోరమైన లోపం మీకిప్పటికే అర్థమై ఉంటుంది: ఎదుటి మనిషి ఏమడుగుతున్నాడో ప్రతి ఒక్కరూ వినాలి. ఆధునిక కాలంలో ఇంత తీరిక ఎవరికుంది?

అయితే ఈ విద్యలో మనల్ని మించిన పండితులున్నారు. వాళ్ల ప్రస్తావన లేకపోతే ఈ వ్యాసానికి న్యాయం జరగదు. విదేశాలకు రొయ్యలు ఎగుమతి చేసే వ్యాపారి మెయిల్ ఖాతా పాస్‌వర్డు ఏ మాయదారి లింకు నొక్కడం వల్లనో దొంగ చేతిలో పడిందనుకోండి. ఆ దొంగ మీలాగా నాలాగా ఉత్తరాలన్నీ తిరగేస్తూ కూర్చోడు. చాలాసార్లు వాడు చేసే మొదటి పనుల్లో ఒకటి, బుద్ధిగా ఒక రూల్ రాయడం. ‘ఇన్‌వాయిస్’, ‘పేమెంట్’ అనే మాటలున్న ఉత్తరాలు, లేదా ఫలానా కొనుగోలుదారు నుంచి వచ్చేవి, ఇన్‌బాక్సులో కనపడకుండా చదివినట్టు గుర్తు పడి, ఎవరూ తొంగిచూడని ఏ ‘ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్స్’ (వెబ్‌సైట్ల కొత్త కబుర్లు చేరే) ఫోల్డర్లోకో పోవాలి. ఆ తరవాత వ్యాపారి పేరు మీద బేరగాడికి కొత్త బ్యాంకు ఖాతా నంబరు వెళుతుంది. బేరగాడికి అనుమానమొచ్చి ‘ఇది మీరేనా’ అని రాసినా ఆ ప్రశ్న కూడా ఆ ఫోల్డర్లోకే చేరుతుంది. సరుకు ఓడెక్కి పోతుంది, డబ్బు ఇంకెక్కడికో పోతుంది. ఇన్‌బాక్సు మాత్రం అద్దంలా ఉంటుంది. మన పెట్టెలో ఉన్న రూల్స్ అన్నిటిలోకీ రాసినవాడి ఉద్దేశాన్ని పొల్లు పోకుండా నెరవేర్చేది ఇదొక్కటే కావచ్చు.

పాస్‌వర్డు మార్చేస్తే తీరిపోతుందనుకునేవారికి ఒక విన్నపం. పాస్‌వర్డు మారినా ఆ రూల్ ఉన్నచోటే ఉండి పని చేస్తూనే పోతుంది. బదిలీపై వెళ్లిన అధికారి ఇచ్చిన సర్క్యులర్ అమల్లో ఉన్నట్టు. కాబట్టి ఒకసారి సెట్టింగుల్లోకి వెళ్లి ఫిల్టర్ల జాబితా, ఫార్వార్డింగ్ చిరునామాలు తెరిచి, మీరు రాయనిది ఏమైనా ఉందేమో చూసుకోండి. మూలాపేట పెద్దాయనకు ఈ మాట చెబితే వెంటనే కూర్చుని జాబితా అంతా పై నుంచి కిందికి చదివారు. అందులో సగం ఎవరు పెట్టారో ఆయనకు అంతుబట్టలేదు. దొంగ పెట్టాడేమోనని కొట్టేయడానికి చెయ్యి రాలేదు, తను పెట్టిందేమోనని ఉంచడానికి ధైర్యం చాలలేదు. చివరికి ‘పరిశీలనలో ఉన్నవి’ అని కొత్త లేబుల్ ఒకటి తయారుచేశారు.