బతుకమ్మ తొమ్మిది రోజులు, క్లెయిమ్ ముప్పై రోజులు

పెద్ద కంపెనీల మధ్య పాటల తగాదా ఎంత ముదిరినా చివరికి ఎక్కడో ఒకచోట తెగుతుంది. 2019 ఫిబ్రవరిలో పాటల యాప్ స్పాటిఫై మన దేశంలోకి వస్తున్నప్పుడు వార్నర్ సంగీత సంస్థ బొంబాయి హైకోర్టుకెక్కింది. 2020 జనవరికల్లా ఇద్దరూ రాజీపడ్డారు. ఎయిర్‌టెల్ వారి పాటల యాప్ వింక్ మీద టిప్స్ అనే పాటల కంపెనీ వేసిన కేసు ఇంకా ముఖ్యమైనది. రేడియో, టీవీల కోసం కాపీరైట్ చట్టంలో పెట్టిన 31డి లైసెన్సు (హక్కుదారు ఒప్పుకోకపోయినా, నిర్ణయించిన రాయల్టీ కట్టి పాట వాడుకునే వీలు) ఇంటర్నెట్ స్ట్రీమింగ్‌కు వర్తించదని అదే కోర్టు 2019లో చెప్పింది. 2022లో డివిజన్ బెంచ్ కూడా ఆ మాటే ఖాయం చేసింది. అంటే యాప్ నడిపేవాళ్లు లేబుల్‌తో, అంటే పాటల హక్కులున్న కంపెనీతో, కూర్చుని బేరం తెంపుకోవాల్సిందే. తెగకపోతే పాటలు యాప్‌లోంచి పోతాయి, వినేవాళ్లు ఇంకో యాప్‌కు పోతారు. రెండువైపులా లాయర్లున్న గొడవ అది.

హన్మకొండలోనో జగిత్యాలలోనో చిన్న గదిలో మైకు పెట్టుకుని జానపద పాటలు తీసే చానల్‌ది ఆ పరిస్థితి కాదు. అక్కడ తగాదా కోర్టుదాకా పోదు, పాటల పోలిక పట్టే యూట్యూబ్ వ్యవస్థ కంటెంట్ ఐడీ దగ్గరే మొదలై అక్కడే తేలుతుంది. ఒక లేబుల్ తన రికార్డింగ్‌ను ఆ వ్యవస్థకు ఇస్తుంది. కొత్తగా ఎక్కిన వీడియోలో దానికి పోలిక కనిపిస్తే ‘ఇది మాది’ అని క్లెయిమ్ పడుతుంది. మనం అభ్యంతరం పెడితే దాన్ని మొదట చూసేది ఎవరు? క్లెయిమ్ వేసినవాళ్లే. జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజుల గడువు. వాళ్లు కాదంటే మనం అప్పీలు చేయాలి, దానికి జవాబివ్వడానికి వాళ్లకు 7 రోజులు. అప్పీలు మీద వాళ్లు వీడియో తీసేయమని కోరితే చానల్‌కు స్ట్రైక్, అంటే తప్పు చేసినట్టు ఒక మచ్చ. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే చానలే పోవచ్చు. ఫిర్యాదుదారే మొదటి జడ్జి అయ్యే ఈ పద్ధతిని మనం చాలా మామూలుగా తీసుకుంటున్నాం.

ఇప్పుడు దీన్ని మన పండగల పక్కన పెట్టి చూడండి. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా బతుకమ్మ తొమ్మిది రోజులు. మేడారం జాతర రెండేళ్లకోసారి, నాలుగు రోజులు. ఆ పాటలకు వ్యూస్ అన్నీ పండగ ముందు, పండగ రోజుల్లోనే. అభ్యంతరం ఐదు రోజుల్లోపు పెడితే ఆదాయాన్ని పక్కన పెట్టి, తర్వాత గెలిచినవాళ్లకు ఇస్తారు, నిజమే. కానీ క్లెయిమ్‌తో వీడియో బ్లాకైతే పక్కన పెట్టడానికి ఆదాయమే ఉండదు. సద్దుల బతుకమ్మ అయిపోయాక క్లెయిమ్ వెనక్కి తీసుకున్నా, ఆ పాట మళ్లీ వచ్చే ఏడాది దాకా ఎవరికి కావాలి?

అసలు చిక్కు పాటలోనే ఉంది. ‘ఉయ్యాలో’ అంటూ తిరిగే వరస ఎవరిదీ కాదు, అందరిదీ. ఎవరైనా దానికి కొత్త వాయిద్యాలు కట్టి పాడిస్తే ఆ రికార్డింగ్ మీద హక్కు వాళ్లదే, అందులో తప్పులేదు. కానీ ఆ రికార్డింగ్‌ను చూపించి పాత వరస మీద కూడా పెత్తనం చేస్తే అది వేరే సంగతి. ఒకే స్టూడియోలో కొన్న ట్రాక్ మీద రెండు చానళ్లు పాడించినా ఇదే రగడ, ముందు ఎక్కించినవాళ్లు యజమానులైపోతారు. కంటెంట్ ఐడీకి ఇచ్చే ఆడియో పూర్తిగా సొంతదై ఉండాలని యూట్యూబ్ నియమాల్లోనే ఉంది. దాన్ని పట్టించుకునే మనిషే కనబడడు.

లేబుళ్ల బాధనూ కాదనలేం. సినిమా పాట బిట్టును యథాతథంగా వాడేసి, కింద ‘క్రెడిట్స్ ఫలానా కంపెనీకి’ అని రాస్తే సరిపోతుందనుకునే చానళ్లు మన దగ్గర కొల్లలు. ఆ లైనుకు చట్టంలో విలువ లేదు. వాళ్ల తరఫున ఈ వ్యాసం వాదించదు.

మన జానపద రంగంలో ఇంకో బలహీనత కాగితం లేకపోవడం. వేల రూపాయలకు పాట రాసిచ్చి, నోటిమాట మీద వదిలేస్తారు. చట్టం మాత్రం రాసినవాడి పక్షాన చాలానే చెప్పింది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు. 2012 సవరణ తర్వాత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను నిర్మాతకు రాసిచ్చినా అది చెల్లదు. ఆధారం లేకుండా కేసు వేస్తామని బెదిరిస్తే, బెదిరింపు ఎదుర్కొన్నవాళ్లే సెక్షన్ 60 కింద కోర్టుకెళ్లొచ్చు. అవతలివాళ్లు నిజంగా కేసు వేస్తే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది.

అయినా ఒక్క బతుకమ్మ పాట కోసం కోర్టు మెట్లెక్కమనడం న్యాయం కాదు. పండగ పాటల మీద వచ్చే అభ్యంతరాలను క్లెయిమ్ వేసినవాళ్లకు కాక, తెలుగు తెలిసిన మూడో మనిషికి, రెండు మూడు రోజుల గడువుతో అప్పగించాలని యూట్యూబ్‌ను అడగాలి. ఏ వరస పాతదో చెప్పగలిగినవాళ్లు దూరంలో లేరు. తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది. పల్లెల్లో పాడే వరసలను తేదీ, ఊరు, పాడినవాళ్ల పేరుతో రికార్డు చేసి అందరికీ తెరిచిపెడితే, క్లెయిమ్ పడినప్పుడు ఆ లింకే సాక్ష్యం. భాషా సాంస్కృతిక శాఖ ఖర్చు భరించాలి. ఈ పని దసరా సెలవుల్లో మొదలుపెడితే లాభం లేదు, వానాకాలంలోనే కావాలి.