పెదనాన్నగారి ట్రంకుపెట్టె చిత్తుకాగితాల పెట్టె కాదు

చిత్రకారులైన పెద్దలు పోతే ఇంట్లో మిగిలిన కాగితాలను ఏం చేయాలో చెబుతూ ఒక సందేశం నెల రోజులుగా ఫోన్లలో తిరుగుతోంది. దాని సారాంశం ఇది: బొమ్మలు దాచుకోండి, తక్కినవన్నీ చిత్తుకాగితాలే. ముఖ్యమైనవి ఉంటే ఫోనుతో ఫోటో తీసుకుని అసలువి పారేయండి. మనసొప్పకపోతే లామినేషన్ చేయించి, ఉత్తరాలొక చోట, స్కెచ్‌లొక చోట సర్దుకోండి. ఉత్తరాలు మీ ఆస్తే కనుక నలుగురికీ పంచండి. మా బంధువులు చాలామంది దీనికి దండాలు పెట్టారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నెల్లూరులో మా పెదనాన్నగారి ట్రంకుపెట్టె ముందు రెండేళ్ళుగా కూర్చుంటున్నది నేనే మరి.

ఆయన డ్రాయింగు మాస్టారు. మద్రాసు ప్రభుత్వ పరీక్షల్లో డ్రాయింగు లోయరు, హయ్యరు పాసై బడిలో చేరారు. బొమ్మలు వేసేవారు, కథలు రాసేవారు. మా హాల్లో ఆయన వేసిన పెన్నా నది బొమ్మ ఉంది: ముందు ఇసుక తిన్నె, వెనుక రంగనాయకుల గుడి గాలిగోపురం. పెళ్ళికి ముందే, ఆంధ్ర రాష్ట్రం రాకముందే వేశారని ఇంటిల్లిపాదీ నమ్మాం. అంటే 1953కు ముందన్నమాట.

పెట్టె అడుగున మద్రాసు నుంచి తెప్పించిన రంగుల రశీదొకటి దొరికింది. ప్రష్యన్ నీలం రెండు ట్యూబులు, తెలుపు ఒకటి. తేదీ 1968. తిప్పి చూస్తే పెన్సిలుతో అదే గోపురం, అదే ఇసుక, ఒక బాణం గుర్తు, పక్కన "నీడ ఇటు" అని ఆయన చేతిరాత. రశీదు వచ్చాకే దాని వెనుక గీశారు, ఆ గీత చూసుకునే బొమ్మ వేశారు. మా నమ్మకం పదిహేనేళ్ళు తప్పింది. సందేశం చెప్పినట్టు చేసి ఉంటే ఈ రశీదు పాత పేపర్లు కొనే అతని తక్కెడలో ఉండేది.

చిత్రకారుడి మాటలు చిత్తుకాగితాలే అనేవారు డచ్చి చిత్రకారుడు వాన్ గో సంగతి చూడాలి. ఆయన తమ్ముడు థియోకు రాసిన ఉత్తరాలను థియో భార్య యొహాన్నా దాచిపెట్టి 1914లో అచ్చు వేయించింది. ఆయన ఏ రంగు ఎందుకు వేశాడో ఈరోజు మనకు ఆయన మాటల్లోనే తెలుస్తోందంటే ఆమె పుణ్యమే. మన అడివి బాపిరాజు గారు చిత్రకారులు, నవలాకారులు, బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా కూడా పనిచేసినవారు. అలాంటివారి కాగితాల్లో బొమ్మ ఇంతవరకే, తక్కినది చిత్తు అని ఎవరు గీత గీస్తారు?

ఇక ఫోటో సంగతి. తీయాలి, కాదనను. నవంబరు, డిసెంబరు తుపాన్లకు గోడలు చెమర్చే మా ఊళ్ళో నకలు లేకపోతే కష్టమే. కానీ పెదనాన్నగారు కథలన్నీ పరీక్ష ప్రశ్నపత్రాల వెనుక రాశారు. కథ మీద తేదీ ఉండదు, అవతలి వైపు "వార్షిక పరీక్ష" అన్న అచ్చు, సంవత్సరం ఉంటాయి. ఫోటో తీసేవారెవరూ కాగితం తిప్పరు. చెరిపేసిన పెన్సిలు గీత కాగితాన్ని వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటేనే కనిపిస్తుంది. పైగా ఆ ఫోటోలను వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేసరికి సగం వివరం కుదించుకుపోతుంది.

లామినేషన్ గురించి ఎక్కువ చెప్పను. వేడి, జిగురు, ప్లాస్టిక్ కలిసి కాగితానికి అతుక్కుపోతే మళ్ళీ ఊడదీయలేం. ఆయన హయ్యరు సర్టిఫికెట్టుకు ఆ గతి నేనే పట్టించాను, తెలియక. సంతకం మీద బుడగ లేచింది. ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టి, నేలకు ఎత్తుగా, గాలి తగిలేచోట ఉంచితే సరిపోయేది.

సర్దే పద్ధతి వినడానికి ముచ్చటగానే ఉంది. కానీ పత్రాలను భద్రపరిచే వృత్తిలో ఉన్నవారు ముందు చూసేది అవి ఏ వరుసలో దొరికాయన్నదే. ఒక పత్రిక సంపాదకుడు కథ తిప్పి పంపుతూ రాసిన కార్డు ఆయన స్కెచ్ పుస్తకంలో దొరికింది. దాన్ని పెట్టిన పేజీలో ఆ కథకే వేసిన బొమ్మలున్నాయి. కార్డు మీద కథ పేరు లేదు. తీసి ఉత్తరాల కట్టలో కలిపేస్తే అది ఏ కథో ఇక ఎవరూ చెప్పలేరు. అందుకే కదిలించే ముందు పేజీకి, కార్డుకు పెన్సిలుతో ఒకే అంకె వేశాను.

ఉత్తరాలు మన ఆస్తే అన్నది సగం నిజం. కాగితం మనది. అందులోని రచన మీద హక్కు రాసినవారిది, ఆ తర్వాత వారి వారసులది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం మామూలుగా రచయిత పోయాక 60 ఏళ్ళు ఆ హక్కు నిలుస్తుంది. బతికుండగా అచ్చుకానివాటికి లెక్క వేరు, ఇంకా పొడవు.

ఆ పెట్టెలో మా పెద్దమ్మ పుట్టింటి నుంచి ఆయనకు రాసిన ఉత్తరాలు నాలుగున్నాయి. చదవనా అని అడిగాను. వద్దన్నారు. దారం కట్టి ఆమె చేతికే ఇచ్చేశాను.