అర నిమిషం వీడియో చూసి నాలుగు నెలల సీజన్‌కు తీర్పు చెప్పేవారి గురించి

ఎదుటి అమ్మాయి పడిపోబట్టి గానీ, లేకపోతే జర్మనీ బయాథ్లాన్ క్రీడాకారిణి ఫ్రాంజిస్కా ప్రాయిస్‌కు, వరల్డ్ కప్ సీజన్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవారికి దక్కే క్రిస్టల్ గ్లోబ్ గెలిచేంత సీన్ లేదని ఒక పెద్దమనిషి ఇప్పుడే నాకు తేల్చి చెప్పి వెళ్లారు. ఆయన చూసింది అర నిమిషం వీడియో, మంచు మీద స్కీయింగూ మధ్యమధ్యలో రైఫిల్ షూటింగూ కలిసిన ఈ బయాథ్లాన్ గురించి ఆయనకున్న జ్ఞానమంతా ఆ అర నిమిషమే, అయినా తీర్పులో ఎక్కడా తడబాటు లేదు. మంచులో రైఫిల్ మోసేవారికి గుండె దడ ఉంటుంది గానీ, సోఫాలో కూర్చుని గురిపెట్టేవారికి చెయ్యి వణికే ప్రసక్తే ఉండదు కదా!

2025 మార్చి 23న ఓస్లోలోని హోల్మెన్‌కోలెన్‌లో, అందరూ ఒకేసారి బయలుదేరే మాస్ స్టార్ట్ రేసు, సీజన్‌లో అదే చివరిది, మొదలయ్యే సమయానికి ప్రాయిస్‌కూ ఫ్రాన్స్ అమ్మాయి లూ జాన్మొనోకూ మధ్య ఉన్న తేడా 5 పాయింట్లు. నాలుగు విడతల షూటింగ్ ముగించుకుని, ముగింపు గీతకు కొన్ని వందల మీటర్ల దూరంలో ఇద్దరూ పక్కపక్కనే పోరాడుతుండగా స్కీలు తగిలి జాన్మొనో పడిపోయింది. పడినా లేచి మూడో స్థానంలో వచ్చింది, ప్రాయిస్ రెండో స్థానంలో నిలిచింది. ఆ రేసు గెలిచింది వీరిద్దరూ కాదు, నార్వేకు చెందిన మారెన్ కిర్కెయిడె అన్న సంగతి వీడియోలో లేదు కాబట్టి మన న్యాయమూర్తిగారి లోకంలోనూ లేదు.

సరే, అదృష్టమే అనుకుందాం. నవంబరు చివర కోంటియోలాహ్తిలో మొదలై హోఖ్‌ఫిల్జెన్, ఒబర్‌హోఫ్, రూపోల్డింగ్, ఆంట్‌హోల్జ్ మీదుగా మార్చి దాకా సాగిన సీజన్‌లో, ఆ చివరి రోజు 5 పాయింట్ల ఆధిక్యంతో బరిలోకి దిగడం కూడా అదృష్టమేనా? గెలిస్తే 90, రెండో స్థానానికి 75, నలభైయో స్థానానికి 1 పాయింటు ఇచ్చే లెక్కలో, జనవరిలో ఏదో ఒక రేసులో మరొక్క గుండు గురి తప్పి ఉంటే ఆ 5 పాయింట్లు ఉండేవే కావు. ఊపిరి ఎగబీలుస్తూ వచ్చి, కనీసం మూడున్నర కిలోల రైఫిల్ భుజం మీంచి దించి, 50 మీటర్ల దూరంలో ఉన్న 45 మిల్లీమీటర్ల వృత్తాన్ని పడుకుని కొట్టాలి. నిలబడి కొట్టేటప్పుడు లక్ష్యం 115 మిల్లీమీటర్లకు పెరుగుతుంది గానీ, ఆ సౌకర్యం ఎంతటిదో అలసిన కాళ్లనే అడగాలి. ఒక్కటి తప్పితే 150 మీటర్ల పెనాల్టీ లూప్ అదనంగా తిరగాలి, ఒక్కొక్కరే బయలుదేరే ఇండివిడ్యువల్ రేసులోనైతే నేరుగా ఒక నిమిషం కలుపుతారు. ఇదంతా వారం తర్వాత వారం చేసినవారిని పట్టుకుని, చివరి మలుపులో ప్రత్యర్థి పడిందనడం కన్నా చవకైన విశ్లేషణ ఇంకొకటి ఉంటుందా?

అన్నట్టు, అదే ఫిబ్రవరిలో లెంజర్‌హైడె ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ప్రాయిస్ పర్స్యూట్ (ముందరి రేసులోని తేడాలతో బయలుదేరి వెంటాడే రేసు) స్వర్ణం గెలిచింది, దానికి వరల్డ్ కప్ పట్టికలో ఒక్క పాయింటు కూడా రాలేదు. ఆ నియమం మంచిదా చెడ్డదా అన్నది వేరే గొడవ, మొదలుపెడితే ఈ రాత్రి తెల్లారదు. కానీ అదృష్టం లెక్క తీసేవారికి ఇటువంటి సంగతులు ఎన్నడూ గుర్తుకు రావు.

నిజానికి నా కోపం పాతది. 2018లో ఇదే గ్లోబ్ కోసం ఫిన్లాండ్‌కు చెందిన కైసా మాకరైనెన్ 3 పాయింట్ల తేడాతో స్లొవేకియాకు చెందిన అనస్తాసియా కుజ్మినాను దాటినప్పుడు, రష్యాలోని త్యుమెన్‌లో జరిగిన చివరి అంచెను కొన్ని దేశాలు బహిష్కరించాయి కాబట్టి అది సగం గెలుపేనని నాకు పాఠం చెప్పినవారున్నారు, బహిష్కరించినవారిలో కుజ్మినా లేదన్న చిన్న విషయం వారికి అడ్డు రాలేదు. రెండేళ్ల తర్వాత, కొడుకు పుట్టిన సందర్భంగా జనవరిలో ఒబర్‌హోఫ్, రూపోల్డింగ్ అంచెలు వదిలేసిన నార్వే ఆటగాడు యోహానెస్ బో 2 పాయింట్ల తేడాతో పురుషుల గ్లోబ్ ఎత్తుకుపోయాడు. అప్పటికే వరుసగా ఏడు గ్లోబులు గెలిచి ఉన్న ఫ్రాన్స్ ఆటగాడు మార్టిన్ ఫుర్‌కాద్ తన ఆఖరి రేసును గెలిచి కూడా ఆ 2 పాయింట్లు అందుకోలేకపోయాడు. అప్పుడు వీరెవరూ అదృష్టమనలేదు. సగం జనవరి ఆడకుండానే గెలిచాడు, ఏమి మహత్తు, ఏమి పట్టుదల అని పొగిడి పొగిడి అలసిపోయారు. పురుషుడు 2 పాయింట్లతో గెలిస్తే మహత్తు, స్త్రీ 3 పాయింట్లతో గెలిస్తే సగం గెలుపు, 5 పాయింట్ల ఆధిక్యంతో వచ్చి నిలబడితే ఎదుటివారి పతనం! ఎన్ని పాయింట్ల తేడా నుంచి ఆడవారి గెలుపును గెలుపుగా లెక్కిస్తారో ఆ పట్టిక కూడా తమరే ప్రకటించండి, వచ్చే సీజన్ మొదలవకముందే వారికి తెలియజేయవచ్చు.