బ్రెగ్జిట్ చీలికకు మందు గిడ్డంగి గేటు దగ్గరే ఉంది

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో షైర్‌బ్రూక్ అనే ఊరుంది. అక్కడి బొగ్గుగని 1993లో మూతపడింది. ఆ గని నేల మీదే తర్వాత స్పోర్ట్స్ డైరెక్ట్ కంపెనీ పెద్ద గిడ్డంగి కట్టింది. 2016లో పార్లమెంటు కమిటీ ఆ గిడ్డంగి లెక్కలు బయటికి తీసింది. కంపెనీ సొంత పర్మినెంట్ ఉద్యోగులు అక్కడ సుమారు 200 మంది. మిగతా మూడు వేల పైచిలుకు మంది రెండు ఏజెన్సీలు పంపిన మనుషులు, వాళ్లలో ఎక్కువమంది తూర్పు ఐరోపా నుంచి వచ్చినవాళ్లు. ఆరు 'స్ట్రైకులు' పడితే పని పోతుంది. ఒంట్లో బాగాలేక రాలేకపోయినా ఒక స్ట్రైకు, టాయిలెట్‌లో ఎక్కువసేపు ఉన్నా ఒక స్ట్రైకు. షిఫ్టు ముగిశాక ఒళ్లు తడిమే తనిఖీ కోసం క్యూలో నిలబడాలి, ఆ నిమిషాలకు జీతం లేదు. వాటిని కూడా లెక్కేస్తే గంటకు చేతికొచ్చేది కనీస వేతనం కంటే తక్కువని తేలింది. నిరుపేదలతో గొడ్డుచాకిరీ చేయించిన విక్టోరియా కాలపు వర్క్‌హౌస్‌లతో కమిటీ ఆ గిడ్డంగిని పోల్చింది.

ఆ నివేదిక వచ్చింది జూలై 22న. అంతకు దాదాపు నెల ముందు, జూన్ 23న, ఐరోపా సమాఖ్యలో ఉండాలా వద్దా అని బ్రిటన్ అంతటా జరిగిన రెఫరెండంలో, షైర్‌బ్రూక్ ఉన్న బోల్సోవర్ జిల్లాలో నూటికి 70 మందికి పైగా బయటికి రావాలని, అంటే బ్రెగ్జిట్‌కు, ఓటేశారు.

ఈ రెండు తేదీలను కలిపి చదవలేకపోవడమే బ్రిటిష్ వామపక్షం చేసిన అసలు తప్పు. గిడ్డంగిలో జరిగింది కార్మిక సమస్య, బ్యాలెట్ పెట్టెలో జరిగింది వలస వ్యతిరేకత అని రెండు వేర్వేరు ఫైళ్లు తెరిచారు. మొదటిది యూనియన్ల బల్ల మీదికి, రెండోది టీవీ చర్చల్లోకి వెళ్లిపోయింది. షైర్‌బ్రూక్ ఓటరుకు కళ్ల ముందు కనిపించింది పోలండ్ నుంచి వచ్చిన కుర్రాడు. ఆ కుర్రాణ్ణి గంటల లెక్కన పిలిపించి గంటల లెక్కన పంపించేసే ఏజెన్సీ ఒప్పందం కనిపించలేదు. కనిపించని ఆ కాగితాన్ని జనం ముందు పరచడం వామపక్షం చేయాల్సిన పని. అది మానేసి, లీవ్ (బయటికి రావాలనే) గుంపులో చేరాలా, రిమైన్ (ఉండిపోవాలనే) గుంపులో చేరాలా అని తనలో తాను కొట్టుకుంది.

ఫలితం అందరికీ తెలిసిందే. 2017లో రెఫరెండం తీర్పును ఒప్పుకుని కూలి, ఇళ్లు, ఆసుపత్రుల గురించి మాట్లాడిన వామపక్ష లేబర్ పార్టీకి 40 శాతం ఓట్లు వచ్చాయి. 2019 డిసెంబరుకల్లా అదే పార్టీ మూడు నెలల్లో కొత్త ఒప్పందం, ఆరు నెలల్లో మరో రెఫరెండం, అందులో నాయకుడు కోర్బిన్ తటస్థం అనే మాటతో జనం ముందుకు వెళ్లింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడికి ఏమవుతుందో అదే అయింది: 32 శాతం ఓట్లు, 202 సీట్లు. 1970 నుంచి బోల్సోవర్‌కు ప్రాతినిధ్యం వహించిన పాత గని కార్మికుడు డెన్నిస్ స్కిన్నర్ కూడా ఓడిపోయాడు. దానికి ముందు, ఆ ఏడాది ఏప్రిల్ 1న, ఐరోపాతో సుంకాల సమాఖ్యలో (సరుకుల మీద పరస్పరం సుంకాలు లేని ఏర్పాటులో) కొనసాగుదామన్న ప్రతిపాదన పార్లమెంటులో 273–276తో వీగిపోయింది. మూడే ఓట్లు. కార్లు, రసాయనాల ఫ్యాక్టరీల్లో పనిచేసే లక్షల మందికి ఎంతో కొంత రక్ష దొరికే ఆ దారి, రెండో రెఫరెండం తప్ప ఏదీ వద్దన్నవాళ్ల పంతం కూడా తోడై మూసుకుపోయింది.

ఇప్పుడు వామపక్షంలో రెండు సలహాలు వినిపిస్తున్నాయి. బ్రెగ్జిట్ వల్ల దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని ప్రభుత్వ బడ్జెట్ బాధ్యతా కార్యాలయమే అంచనా వేసింది, పని గంటల పరిమితి, జీతంతో కూడిన సెలవులు ఐరోపా చట్టాల నుంచే వచ్చాయి, కాబట్టి తిరిగి చేరడమే మార్గం అంటారు ఒకవైపువాళ్లు. జనం వలస తగ్గాలని కోరుతుంటే వాళ్ల మాట విని సరిహద్దు బిగించాలి, లేకపోతే వలసలను వ్యతిరేకించే రిఫార్మ్ పార్టీ ఓట్లు ఎగరేసుకుపోతుంది అంటారు రెండోవైపువాళ్లు. రెండింటిలోనూ కొంత నిజముంది. ఆర్థిక నష్టం నిజం, ఓట్లు జారిపోతున్న మాట నిజం. కానీ రెండూ గిడ్డంగి గేటు దాకా వచ్చి ఆగిపోతాయి.

ఏజెన్సీ కార్మికుల సంగతే చూడండి. ఐరోపా సమాఖ్య 2008లో తెచ్చిన ఆదేశం ప్రకారం బ్రిటన్‌లో 2011 అక్టోబరు నుంచి ఒక నియమం అమల్లోకి వచ్చింది: ఒకే చోట 12 వారాలు పనిచేసిన ఏజెన్సీ మనిషికి పక్కనున్న పర్మినెంట్ ఉద్యోగితో సమానంగా జీతం ఇవ్వాలి. అదే ఆదేశంలో ఒక కంత కూడా ఉంచారు. పని లేని రోజుల్లో కాస్త డబ్బు ఇస్తామని ఏజెన్సీ ఒప్పందంలో రాసుకుంటే సమాన జీతం అక్కర్లేదు. స్వీడన్ మినహాయింపు అని పిలిచే ఆ కంతలోంచి బ్రిటిష్ గిడ్డంగులు ఏళ్ల తరబడి చౌక కూలిని లాక్కున్నాయి. దాన్ని మూసింది 2020 ఏప్రిల్‌లో, బ్రిటన్ సమాఖ్య నుంచి బయటపడిన రెండు నెలలకు, అదీ మితవాద కన్జర్వేటివ్ ప్రభుత్వం. సమాఖ్యలో ఉండటం ఆ కార్మికుణ్ణి కాపాడలేదు. బయటికి రావడం కూడా దానంతట అది కాపాడలేదు. చట్టంలోని ఏ వాక్యం కూలిని కోస్తుందో వెతికి పట్టుకున్నప్పుడే మేలు జరిగింది.

సమాఖ్య న్యాయస్థానం 2007 డిసెంబరులో ఇచ్చిన లావాల్ తీర్పు దీనికి ఇంకో వైపు. స్వీడన్‌లో స్కూలు కట్టడానికి వచ్చిన లాత్వియా కంపెనీ, స్థానిక వేతన ఒప్పందం మీద సంతకం చేయనంది. యూనియన్ దిగ్బంధం పెట్టింది. సరిహద్దులు దాటి సేవలు అందించే కంపెనీ స్వేచ్ఛకు ఆ దిగ్బంధం అడ్డమని కోర్టు తేల్చింది. తిరిగి చేరదామనేవాళ్లు ఆ తీర్పు ఊసే ఎత్తరు.

మరి కార్మికులే స్వయంగా దారి చూపిన సందర్భం లేదా? ఉంది, అదీ రెఫరెండానికి ఏడేళ్ల ముందు. లింకన్‌షైర్‌లోని లిండ్సే చమురు శుద్ధి కర్మాగారంలో 2009 జనవరి 28న మెరుపు సమ్మె మొదలైంది. అక్కడ నిర్మాణ పని దక్కించుకున్న ఇటలీ కంపెనీ, తన మనుషులను తానే తెచ్చుకుంటానంది. గేటు దగ్గర ప్లకార్డులు లేచాయి: బ్రిటిష్ ఉద్యోగాలు బ్రిటిష్ కార్మికులకే. ఆ మాట అంతకు రెండేళ్ల ముందు ప్రధాని గోర్డన్ బ్రౌన్ నోట వచ్చిందే. దూరం నుంచి చూసిన చాలామంది ప్రగతివాదులు ముఖం తిప్పుకున్నారు. గేటు దగ్గరున్న సమ్మె కమిటీ తిప్పుకోలేదు. ఫిబ్రవరి 2న జరిగిన సభలో వాళ్లు కోర్కెలు రాసి ఓటుకు పెట్టారు. ఆ చోట పనిచేసే ప్రతి ఒక్కరికీ, ఏ దేశంవాడైనా, ఇంజనీరింగ్ నిర్మాణ రంగపు జాతీయ ఒప్పందం ప్రకారమే కూలి. వలస కార్మికులందరినీ యూనియన్‌లో చేర్చాలి. వాళ్ల భాష తెలిసిన దుబాసీలను యూనియన్ ఏర్పాటు చేయాలి. పని లేని స్థానికుల జాబితా యూనియన్ చేతిలో ఉండాలి. సమ్మె చేసినవాళ్ల మీద కక్ష సాధింపు ఉండకూడదు.

కొద్ది రోజుల్లోనే రాజీ కుదిరింది. స్థానికులకు 102 కొత్త కొలువులు వచ్చాయి, ఒక్క ఇటలీ కార్మికుణ్ణి కూడా ఇంటికి పంపలేదు. ఈ లెక్కలో అసలు కిటుకు ఉంది. ఇటలీ కార్మికుణ్ణి జాతీయ ఒప్పందం రేటుకే పెట్టుకోవాల్సి వస్తే, అతణ్ణి తెప్పించడంలో కంపెనీకి మిగిలేది ఏమీ ఉండదు. తేడా పోగానే స్థానికుడికి ఆ కార్మికుడు పోటీదారుగా కనిపించడం మానేస్తాడు. ప్లకార్డు మీది నినాదాన్ని ఉపన్యాసంతో కడగాలని చూస్తే ఏళ్లు పడుతుంది. రేటు పట్టికతో అయితే వారం రోజుల్లో అయింది. వామపక్షం పాఠం నేర్చుకోవాల్సింది ఇక్కడ, నేర్చుకోకుండా వదిలేసిందీ ఇక్కడే.

అదే లింకన్‌షైర్‌లో బోస్టన్ ఉంది. 2016లో 75.6 శాతంతో దేశంలోనే అత్యధికంగా లీవ్‌కు ఓటేసిన ప్రాంతం. క్యాబేజీ, కాలీఫ్లవర్ పొలాలు, కూరగాయల ప్యాకింగ్ షెడ్లు దాని బతుకుదెరువు. రెఫరెండానికి మూడేళ్ల ముందు, 2013లో, ఇంగ్లండ్‌లో వ్యవసాయ వేతనాల బోర్డును రద్దు చేశారు. పనితనాన్ని బట్టి ఆరు గ్రేడుల కూలి, ఓవర్‌టైమ్‌కు ఒకటిన్నర రెట్లు, జబ్బు సెలవుకు జీతం, పొలంలో ఇచ్చే బసకు ఎంత కోయొచ్చో పరిమితి, ఇవన్నీ ఆ బోర్డు నిర్ణయించేది. రద్దు వల్ల పదేళ్లలో కూలీలు కోల్పోయేది 25 కోట్ల పౌండ్లకు పైమాటేనని ప్రభుత్వం తన అంచనాలోనే రాసుకుంది. ఇక 2004లో సమాఖ్యలోకి వచ్చిన దేశాల నుంచి వలసలు పెరిగినప్పుడు స్కూళ్లు, వైద్యం మీద పడే ఒత్తిడి తట్టుకోవడానికి లేబర్ ప్రభుత్వం ఆలస్యంగానైనా ఒక నిధి పెట్టింది, ఏటా మూడున్నర కోట్ల పౌండ్లు. 2010లో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం దాన్నీ ఎత్తేసింది. కూలిని నిలబెట్టే గుంజ పీకేసి, ఊరికి అందే సాయం ఆపేసి, ఆ తర్వాత మీ కష్టానికి కారణం లిథువేనియా వాడని చెప్పారు. ఆ పొలాల మధ్య నిలబడి బోర్డును వెనక్కి తెస్తామని గట్టిగా చెప్పిన పెద్ద ప్రచారం రెఫరెండం రోజుల్లో జరగలేదు.

బ్రెగ్జిట్ తర్వాత బోస్టన్ పొలాల్లో కూలి పెరిగి స్థానికులు చేరతారన్నది వాగ్దానం. జరిగింది వేరు. సీజనల్ వీసా 2019లో 2,500 మందితో మొదలై కొద్ది ఏళ్లకే 45 వేలకు చేరింది. కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్, ఉజ్బెకిస్తాన్ మనుషులు వస్తున్నారు. పాత లిథువేనియా కూలీకి నచ్చకపోతే ఆ సాయంత్రమే పక్క పొలానికి వెళ్లే హక్కుండేది. కొత్త కూలీకి ఆరు నెలల గడువు, తెచ్చిన సంస్థ ఒప్పుకుంటేనే పొలం మారే వీలు. వెళ్లిపోలేని కూలీ బేరమాడలేడు. అతను బేరమాడలేకపోతే పక్కనున్న ఇంగ్లిష్ కూలీ రేటు కూడా లేవదు. సరిహద్దు బిగించాలనేవాళ్లు ఈ ఒక్క ముడి విప్పి చూపించాలి.

తెలుగువాళ్లకు ఈ ముడి బాగా తెలుసు. సంరక్షకుల కొరతతో 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు, అంటే వృద్ధులను, రోగులను చూసుకునేవాళ్లకు, వీసా తెరిచినప్పుడు, ఏజెంట్లకు లక్షలు పోసి స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ (వీసా కోసం యజమాని ఇచ్చే పత్రం) కొనుక్కుని వెళ్లినవాళ్లలో మన రెండు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. ఆ వీసా యజమానికి కట్టిన తాడు. విదేశీయులను పనిలో పెట్టుకునే లైసెన్సు ఆ యజమానికి రద్దయితే 60 రోజుల్లో కొత్త స్పాన్సర్ దొరకాలి, లేదంటే దేశం వదలాలి. 2022 జూలై నుంచి 2024 చివరి దాకా కేర్ రంగంలో 470కి పైగా లైసెన్సులు రద్దు చేశారు, 39 వేల మందికి పైగా కార్మికులు ఆ యజమానుల కింద ఉన్నవాళ్లే. తప్పు చేసింది యజమాని, గడియారం నడిచింది కార్మికుడి మీద. తక్కువ గంటలు ఇచ్చారనో, జీతం కోశారనో ఫిర్యాదు చేస్తే ఆ లైసెన్సే పోవచ్చు, దాంతో తన వీసా పోవచ్చు. అందుకే నోరు మెదపరు. 2025 జూలైలో విదేశాల నుంచి కేర్ వర్కర్ల నియామకాన్ని ఆపేశారు. అప్పటికే లోపల ఉన్నవాళ్ల తాడు మాత్రం అలాగే ఉంది.

కాబట్టి వామపక్షం ఎత్తాల్సిన కోర్కెలు స్పష్టంగా ఉన్నాయి. వీసా యజమానికి కాకుండా రంగానికి ఇవ్వాలి: కేర్ వర్కర్ ఏ కేర్ హోమ్‌కైనా, కూలీ ఏ పొలానికైనా కొత్త దరఖాస్తు లేకుండా మారగలగాలి. ఉపాధి హక్కుల చట్టం కింద కార్మిక చట్టాల అమలు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ ఏజెన్సీ తనిఖీదారుకు, ఫిర్యాదుదారు వీసా వివరాలు వలసల వ్యవహారం చూసే హోం శాఖకు పంపే అధికారం ఉండకూడదు. ఆ గోడ లేకపోతే ఎన్ని తనిఖీలైనా ఖాళీ రిజిస్టర్లే మిగులుతాయి. తనిఖీదారుల సంఖ్య కూడా ముఖ్యం. పారిశ్రామిక దేశాల్లో పది వేల మంది కార్మికులకు ఒక ఇన్‌స్పెక్టర్ ఉండాలన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ కొలమానం, బ్రిటన్ దానికి చాలా దూరంలో ఉంది. అదే చట్టం కేర్ రంగానికి వేతన ఒప్పందం కుదిర్చే సంఘానికి దారి తెరిచింది. దాన్ని గిడ్డంగులకు, పొలాలకు విస్తరించాలి.

ఇది బ్రిటన్ గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019లో చట్టం చేసినప్పుడు మన చర్చ కూడా సరిగ్గా లీవ్, రిమైన్ దారిలోనే నడిచింది. స్థానికుడా, బిహార్, ఒడిశా వాడా అని తేల్చడానికి గంటలు పట్టింది. హైదరాబాద్ నిర్మాణాల్లోనైనా, కోస్తా ఫ్యాక్టరీల్లోనైనా కంపెనీ మస్టరులో పేరుండదు, కాంట్రాక్టరు చీటీలో ఉంటుంది. ప్రమాదం జరిగితే మావాడు కాదంటుంది కంపెనీ, మేస్త్రీ ఫోన్ ఎత్తడు. ఒడిశా కుర్రాడికి శ్రీకాకుళం కుర్రాడి కూలే ఇవ్వాలని, ఇద్దరి పేర్లూ కంపెనీ మస్టరులోకి ఎక్కాలని పట్టుబట్టే పోరాటం లేకుండా స్థానిక కోటా పెడితే, మిగిలేది అదే కాంట్రాక్టరు, మారేది చీటీలో పేరే. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి తరతరాలుగా ఊరు విడిచి వెళ్లి కూలి చేసిన జనం ఉన్న నేల మీద ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పని ఉండకూడదు.

2025 మేలో జరిగిన స్థానిక ఎన్నికల్లో డెర్బీషైర్, లింకన్‌షైర్ కౌంటీ కౌన్సిళ్లు రెండూ రిఫార్మ్ పార్టీ చేతికి వెళ్లాయి. అదే నెల 12న ప్రధాని స్టార్మర్ వలసల గురించి మాట్లాడుతూ బ్రిటన్ అపరిచితుల దీవిగా మారే ప్రమాదం ఉందన్నాడు, తర్వాత ఆ మాటకు విచారం వ్యక్తం చేశాడు. ఆ ప్రసంగం జరిగిన రోజున కూడా లింకన్‌షైర్ కూలీకి వేతనాల బోర్డు లేదు. ఇంగ్లండ్ పక్కనున్న వేల్స్‌లో అలాంటి ఏర్పాటు ఉంది. అక్కడి అసెంబ్లీ వ్యవసాయ కూలీల కోసం సొంత చట్టం చేస్తే లండన్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు తీసుకెళ్లింది, 2014 జూలైలో వేల్స్ గెలిచింది. ఆ చట్టం కింద వేల్స్ పొలంలో ఓవర్‌టైమ్‌కు ఇప్పటికీ ఒకటిన్నర రెట్ల కూలి, రాత్రి పనికి అదనపు భత్యం, పని కోసం కుక్కను పెంచే కూలీకి కుక్క భత్యం. పాస్‌పోర్టు ఏ దేశానిదని ఆ ఉత్తర్వు అడగదు.