కాంప్రీ వ్రతకల్పం

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా వీధివాళ్ళకి పీహెచ్‌డీ మీద పెద్ద పట్టింపేమీ లేదు. ఎవరైనా చదువుతున్నారంటే ఎప్పుడవుతుందని అడుగుతారు, అంతే. మూడేళ్ళుగా మా మేనకోడలు ఆ ప్రశ్నకి "కాంప్రీ అయ్యాక" అని జవాబిస్తోంది. కాంప్రీ అనేది ఏదో సంబంధం తాలూకు ఇంటిపేరనుకుని, మగపెళ్ళివారు ముహూర్తం పెట్టకుండా నాన్చుతున్నారని ఎదురింటి పిన్ని నా దగ్గర వాపోయింది. ఆవిడ పూర్తిగా పొరబడిందని చెప్పలేను.

కాంప్రీ అంటే కాంప్రహెన్సివ్ పరీక్ష, సమగ్ర పరీక్ష అన్నమాట. పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకి చేరే ఒక విశ్వవిద్యాలయంలో, ఒకానొక విభాగం దీన్ని పరిశోధక విద్యార్థులకి పెడుతుంది. పేరు చెప్పను, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. ఆ విభాగాన్ని ఆడిపోసుకునే అల్పులు ఈ మధ్య ఎక్కువయ్యారు. నేను వాళ్ళలో చేరను. పరీక్షా విధానం కాగితం తెప్పించుకుని, కళ్ళజోడు తుడుచుకుని, మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. చదివాక లేచి నిలబడ్డాను. అలాంటి రచన ముందు కూర్చుని ఉండటం మర్యాద కాదనిపించింది.

విశ్వవిద్యాలయాలకి నిబంధనలు వేసే యూజీసీ వాళ్ళది పాపం చిన్న బుద్ధి. 2022 నవంబరులో వాళ్ళు వేసిన నిబంధనల్లో కోర్స్‌వర్క్, అంటే పరిశోధనకి ముందు చదవాల్సిన పాఠాలు, కనీసం 12 క్రెడిట్లు ఉండాలన్నారు, అందులో 55 శాతం మార్కులు రావాలన్నారు, సెమిస్టరుకోసారి సలహా సంఘం ముందు పని చూపించమన్నారు. కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు అన్నారు. కాంప్రీ పెట్టి తీరాలని మాత్రం ఎక్కడా అనలేదు. ఆ లోటు పూడ్చే బాధ్యత మా పిల్ల విభాగం నెత్తిన వేసుకుంది. ఎవరూ అడగకుండానే వేసుకుంది. అదీ త్యాగం.

సిలబస్ విషయానికొస్తే ఒకే వాక్యం. "విషయానికి సంబంధించిన సమస్తమూ, అనుబంధ రంగాలూ." సమస్తం సంగతి ఎలాగో చూసుకోవచ్చు. ఆ "అనుబంధ" అన్న మాటలో అసలు ప్రాణముంది. మా పిల్ల అంశం గజపతి జిల్లా గుమ్మ బ్లాకులో సవర గిరిజనులు పోడు కోతలప్పుడు పాడే పాటలు. పాట ఉంది కాబట్టి సంగీతం అనుబంధం. కోత ఉంది కాబట్టి వ్యవసాయం అనుబంధం. కొడవలి ఉంది కాబట్టి లోహశాస్త్రం. వర్షం రాకపోతే పాటే ఉండదు కాబట్టి రుతుపవనాలు. ఇవన్నీ చదువుతూ కూర్చుంటే గుమ్మ ఎప్పుడు వెళ్తావమ్మా అని అడిగాను. "కాంప్రీ అయ్యేదాకా ఫీల్డుకి పోకూడదు మావయ్యా, రూలు" అంది. చూశారా దూరదృష్టి! పాడే ముసలమ్మలు ఈలోగా పోతే పోతారు. విద్యార్థిని మాత్రం అజ్ఞానంతో వాళ్ళ దగ్గరికి వెళ్ళకూడదు.

పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరపాలని విధానంలో రాసుంది. జరపడానికి పరీక్షా సంఘంలోని అయిదుగురు సభ్యులూ ఒకేరోజు ఒకే గదిలో ఉండాలి. అందులో ఒకరు మూల్యాంకనానికి భువనేశ్వర్ వెళ్ళి ఉంటారు. ఒకరు సెలవు. మిగిలిన వారిలో ఇద్దరికి గది కేటాయింపు దగ్గర మాటపట్టింపు వచ్చి, ఒకరున్న చోట మరొకరు కూర్చోరు. అయిదో ఆయన మాత్రం ప్రతిసారీ వస్తారు, టీ తాగి వెళ్తారు. బరంపురంలో బుఢీ ఠాకురాణి జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. అమ్మవారు పుట్టింటికి వచ్చి వెళ్తుంది, చైత్రం తప్పదు. ఏడాదికి రెండుసార్లు కూర్చోవలసిన సంఘానికి, రెండేళ్ళకోసారి కదిలే అమ్మవారికి పందెం పెడితే నేను అమ్మవారి పక్షం.

అయినా ఒక్కసారి కూర్చున్నారు. అది పోయినేడాది.

రాతపరీక్ష ఇంగ్లీషులో అయింది. వైవా ఒడియాలో నడిచింది. మా పిల్ల ఆలోచించేది తెలుగులో, పనిచేసేది సవరలో. ఈ సరిహద్దు జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఇదేం కొత్త కాదు. అటువైపు వెళ్తే మీ తెలుగులో ఒడియా యాస కొడుతోందంటారు, ఇటువైపు మీ ఒడియాలో తెలుగు వాసన అంటారు. ఆ రోజు ఒకాయన యాస సంగతి ఎత్తి పావుగంట మాట్లాడాడట, అదీ పరీక్ష సమయంలోంచే. తర్వాత ఇంకొకాయన అసలు ప్రశ్న వేశాడు. "ద్రావిడ భాషల్లో సవర స్థానం వివరించు."

మా పిల్ల సవర ద్రావిడ భాష కాదనీ, ముండా భాషల్లోదనీ చెప్పింది.

గదిలో కాసేపు ఫ్యాను చప్పుడు మాత్రమే వినిపించిందట. "అంటే ద్రావిడ భాషల్లో దాని స్థానం నీకు తెలియదన్నమాట" అన్నాడాయన, చాలా సౌమ్యంగా. ఫలితం కాగితం మీద ఒకే మాట వచ్చింది: అసంతృప్తికరం. ఎవరి అసంతృప్తి, దేని మీద అనేది రాయకపోవడంలో ఉన్న హుందాతనం గమనించండి. కారణం చెబితే విద్యార్థి దాన్ని సరిదిద్దుకుంటుంది. అప్పుడది సమగ్ర పరీక్ష ఎలా అవుతుంది?

ఈ ఊళ్ళోనే ముప్పై ఏళ్ళ పాటు పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొచ్చారు నాకు. ఆయన సవరల భాష వాళ్ళ దగ్గరే నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం రాశారు, 1931లో అచ్చయింది. తర్వాత నిఘంటువు కూడా. కాంప్రీ రాయకుండా సవర పల్లెల్లోకి వెళ్ళిన మనిషి! ఎంత ప్రమాదం తప్పిందో ఆలోచించండి. ఆయన్ని ఇవాళ ఆ గదిలో కూర్చోబెడితే, "మీ సైద్ధాంతిక చట్రం ఏమిటి పంతులుగారూ" అని అడిగేవారు. ఆయన చెవుల్లో ఎటూ వినికిడి అంతంతమాత్రం కాబట్టి బతికిపోయేవారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆయన ఈ ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. తెలుగు మీద అభిమానం అంటారు. నాకేమో కాంప్రీ వాసన ముందే తగిలిందేమో అనిపిస్తుంది.

డబ్బు ప్రస్తావన నీచం, కానీ తెస్తాను. పరిశోధకులకి మొదట్లో ఇచ్చే భృతి, జేఆర్‌ఎఫ్, నెలకి 37,000. రెండేళ్ళయ్యాక పని మదింపు చేసి పై మెట్టు భృతి ఎస్‌ఆర్‌ఎఫ్‌గా పెంచితే 42,000. మదింపు వేరు, కాంప్రీ వేరు. మా విభాగం ఈ రెంటికీ ముడిపెట్టింది. దాంతో మా పిల్లకి నెలకి అయిదు వేలు తగ్గుతున్నాయి, అంటే విభాగం ఆమెను దుబారా నుంచి కాపాడుతోంది. మా అక్కకి ఈ కోణం అర్థం కావడం లేదు. "వాళ్ళ మొహాలు మండ" అంటోంది. ఆవిడ కోర్స్‌వర్క్ చేయలేదు.

రెండో అవకాశం ఈ ఏడాదన్నారు. ఈలోగా విధానం కాగితాన్ని సవరించాలని సంఘం తీర్మానించింది. టైపు చేయడానికి గుమాస్తా సెలవులో ఉన్నాడు. మా పిల్లని పిలిచారు. పదిహేను రోజులు కూర్చుని టైపు చేసింది, తప్పులు దిద్దింది, ఒకదానికొకటి పొసగని రెండు నియమాలు ఉన్నాయని చూపించింది. అధ్యక్షులవారు మెచ్చుకున్నారు. "ఈ కాగితాన్ని మొత్తం చదివినదానివి నువ్వొక్కర్తెవే" అన్నారట. అది నిజమే అయుంటుంది.

పోయిన మంగళవారం పరీక్షకి అర్హుల జాబితా వచ్చింది. మా పిల్ల పేరు లేదు. వెళ్ళి అడిగింది. కొత్త విధానం తయారీలో పాలుపంచుకున్నవారు దాని కింద జరిగే మొదటి పరీక్షకి కూర్చోవడం నిష్పాక్షికతకి భంగమనీ, ఆ సంగతి ఏడో పేజీలో స్పష్టంగా ఉందనీ చెప్పారు.

"ఏటమ్మా, ఆ రూలు నువ్వే టైపు చేశావా?" అన్నాను.

"అవును మావయ్యా. అందులో ఒక కామా కూడా నేనే పెట్టాను."

ఎదురింటి పిన్ని అరుగు మీంచి వింటోంది. కాసేపాగి, "మరి వాళ్ళనొదిలి వేరే సంబంధం చూసుకోకూడదా నాయనా?" అంది.