దొంగగారి తెలుగు సేవ

ఒడిశాలోని గంజాం జిల్లాలో తెలుగు కనుమరుగవుతోందని బెంగపెట్టుకున్నవాళ్లకు ఒక శుభవార్త. మొన్న బరంపురంలోని మా ఆఫీసుకి ఒక మెయిల్ వచ్చింది. చక్కటి తెలుగు. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడివక్కడ ఉన్నాయి. ఊరి పేరు 'బ్రహ్మపూర్' అనకుండా 'బరంపురం' అనే రాశాడు మహానుభావుడు. జీతం బకాయిల వివరాలు కావాలంటే ఫైలు తెరవమన్నాడు.

మా అకౌంట్స్ గుమాస్తాగారికి కళ్లు చెమర్చాయి. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఆయనకు తెలుగులో రాసిన మొదటి 'పై అధికారి' ఇతనే మరి. తెరవకపోతే ఏం బాగుంటుంది? తెరిచారు.

మధ్యాహ్నానికి ఫైళ్లన్నిటికీ తాళం పడింది. బ్యాకప్ హార్డ్‌డిస్క్ ఏడాదిగా అదే కంప్యూటర్‌కి తగిలించి ఉంది కనుక దానికీ పడింది. డబ్బు అడిగే దగ్గరికి వచ్చేసరికి మాత్రం దొంగగారు ఇంగ్లీషులోకి దిగారు. మాకు మనసు నొచ్చింది అక్కడొక్కచోటే.

ఇలాంటి దాడి తెలిసిన 6 గంటల్లో కబురు పెట్టాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశం ఇచ్చింది. మేమేం ఊరుకోలేదు. ఉత్తరం ఒడియాలో రాయాలా, ఇంగ్లీషులోనా అన్నది తేలడానికి 4 గంటలు పట్టింది. మిగతా రెండూ డిస్పాచ్ నంబరుకి పోయాయి.

తర్వాత శిక్షణ పెట్టారు. రెండు గంటలు, మొత్తం ఇంగ్లీషు, మధ్యలో సమోసా. 2018లో పూణేలో కాస్మోస్ బ్యాంకు నుంచి 94 కోట్లు ఎగిరిపోయాయని చెబితే, అంత పెద్ద ఊళ్లో జరగవూ మరి అని తలలూపాం. 2024 జులైలో దాడి జరిగింది ఒక్క సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద, చెల్లింపులు ఆగింది సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల్లో అన్నప్పుడు మాత్రం సమోసా నమలడం కాస్త నెమ్మదించింది.

'ఫిషింగ్' అన్న మాట రాగానే మా అటెండరు నిటారుగా కూర్చున్నాడు. గోపాలపూర్‌లో వలలు వేసే ఇంటివాడు. పావుగంట విని పక్కకి తిరిగి, "గేలం అని చెప్పొచ్చు కదా బాబూ!" అన్నాడు. గుమాస్తాగారికి ఆ రెండు గంటల్లో అర్థమైంది ఆ ఒక్క ముక్కే. శిక్షణ ఇచ్చినాయనకు అది వినపడలేదు. తెలియని లింకులు నొక్కొద్దని ముగించి, సర్టిఫికెట్ కోసం ఒక లింకు పంపాడు. అందరం నొక్కాం.

నిన్న మళ్లీ తెలుగులో మెయిల్. 'గౌరవనీయులైన గుమాస్తాగారికి ఉగాది శుభాకాంక్షలు. బోనస్ వివరాలు జతచేశాం.' ఆయన మౌస్ మీంచి చెయ్యి తీసి అటెండరుని కేకేశారు.

"ఇది గేలమేనంటావా?"

"గేలమే బాబూ. ఎర కొంచెం పెద్దది పెట్టాడు, అంతే."

గుమాస్తాగారు చాలాసేపు తెరకేసి చూసి, డిలీట్ నొక్కారు. "ఆఫీసు మొత్తం మీద ఉగాది గుర్తుపెట్టుకున్నది వాడొక్కడేనయ్యా" అన్నారు.