మురుగు శుద్ధికి యంత్రమా, చెరువులా?

ఒక చిన్న పట్టణపు మురుగు నేరుగా నదిలో కలుస్తోంది. గాలి పంపే యంత్రాలతో శుద్ధి కేంద్రం కట్టాలని మొదటి పక్షం, వరుసగా చెరువులు తవ్వితే చాలని రెండో పక్షం వాదిస్తున్నాయి.

మొదటి పక్షం: శుద్ధి చేయని ఇళ్ల మురుగులో బీఓడీ (జీవరసాయన ప్రాణవాయు అవసరం) సాధారణంగా లీటరుకు 200 మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటుంది. అంటే ఆ మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అంత ప్రాణవాయువును నీటి నుంచి లాక్కుంటాయి. 30 డిగ్రీల వేడిలో నదినీరు గాలి నుంచి లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములకు మించి ప్రాణవాయువును పట్టి ఉంచుకోలేదు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే రసాయన శాస్త్రవేత్తలు వెల్లడించిన ఉత్తేజిత బురద పద్ధతి, అంటే గాలి ఊదుతూ సూక్ష్మజీవుల బురదతో మురుగును తినిపించే పద్ధతి, ఈ భారాన్ని కొన్ని గంటల్లోనే దించుతుంది. ఇంత తెలిసీ చెరువుల దగ్గరే ఆగిపోదామా?

రెండో పక్షం: మీ లెక్కను కాదనను. కానీ ఆ బురద ప్రాణమున్నది. బాగున్నప్పుడు గోధుమరంగులో, తడిమట్టి వాసనతో ఉంటుంది. కరెంటు పోయి గాలి ఆగితే నల్లబడి, కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. గాలి ఊదే బ్లోయర్ బేరింగు అరిగితే మార్చే మనిషి, విడిభాగం, కరెంటు బిల్లుకు డబ్బు ఏళ్ల తరబడి ఉంటాయని ఏ చిన్న పట్టణం హామీ ఇవ్వగలదు? కట్టి ఆపేసిన కేంద్రం కంటే, ఎండ, నాచు, సమయం కలిసి నడిపే చెరువు నదికి మేలు.

మొదటి పక్షం: ఆ నాచే మీ బలహీనత. పగలు ప్రాణవాయువునిచ్చే నాచు రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది. చెరువు నుంచి పచ్చగా బయటికొచ్చిన నీరు నదిలోనూ అదే చేస్తుంది, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. పైగా అంత నేల ఎక్కడిది?

రెండో పక్షం: నేల సమస్య నిజమే, నాచును చివర గులకరాళ్ల వడపోతతో చాలావరకు ఆపవచ్చు. అయితే ఇద్దరం మరిచిన సంగతి ఒకటుంది. 1912లో మురుగుపై బ్రిటన్ వేసిన రాయల్ కమిషన్, నదిలోకి వదిలే శుద్ధి చేసిన నీటికి లీటరుకు బీఓడీ 20, తేలే ఘనపదార్థాలు 30 మిల్లీగ్రాముల హద్దు పెట్టినప్పుడు, నదిలో కనీసం ఎనిమిది రెట్లు శుభ్రమైన నీరు కలుస్తుందని అనుకుంది. వేసవిలో నది పాయగా సన్నబడినప్పుడు ఆ ఎనిమిది రెట్లు ఎక్కడినుంచి వస్తాయి? చెరువుల్లో రోజుల తరబడి నిలిచిన నీటిలో పేగు పురుగుల గుడ్లు అడుక్కు చేరుతాయి కనుక, ఎండాకాలంలో ఆ నీటిని పొలాలకు మళ్లించి నదిని వదిలేద్దాం.

మొదటి పక్షం: ఎండాకాలంలో దిగువ నదికి ఆ నీరే ప్రవాహమైతే, మళ్లించడమంటే నదిని ఎండగట్టడమే. అందుకే ముందుగా నదిలోని నీటిని నెలనెలా కొలవాలన్నది నా పట్టు. నమూనాలు కూడా మధ్యాహ్నం కేంద్రం గట్టు మీద కాకుండా, తూముకు దిగువన, తెల్లవారకముందు తీయాలి.

రెండో పక్షం: ఆ షరతుకు నేను సిద్ధం. చెరువులకైనా, యంత్రానికైనా ఆ తెల్లవారుజాము కొలతనే ప్రమాణంగా పెట్టండి.